మట్టి పడిన గాయానికి ముందు నీళ్లు, తరువాతే కుట్లు

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల తగిలే గాయాల్లో శుభ్రమైనవి తక్కువ. బాగలూరు, బేరికె వైపు టమోటా తోటలో కాలికి పార తగిలితే గాయంలోకి ఎరువు మట్టి పోతుంది. సిప్కాట్‌లో ప్రెస్ కింద వేలు పడితే గ్రీజు, ఇనుప రజను పోతాయి. శూలగిరి దగ్గర హైవే మీద బండి జారితే కంకర, ప్యాంటు పీలికలు మోకాలి చర్మం కిందికి చేరతాయి. సంక్రాంతి దాటి ఎద్దుల పండగలు మొదలైతే కొమ్ము పోట్లు సరేసరి. కూరగాయలు తరిగేటప్పుడు కత్తి తెగిన వేలికీ ఈ గాయాలకీ పోలిక లేదు. అది కట్టు కడితే మానిపోతుంది. ఇవి పైకి చిన్నగా కనిపించి, మూడో రోజుకు చీము పట్టి, కొందరికి వేలో కాలో పోయేదాకా తీసుకుపోతాయి.

మన ఇళ్లల్లో ఇలాంటి గాయం తగిలితే అడిగేవి మూడే: రక్తం ఆగిందా, కుట్లు వేశారా, టీటీ వేశారా. కడిగారా అని అడిగేవాళ్లు అరుదు. మేము ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మురికి గాయంలో చీము పట్టకుండా ఆపేది మొదట కడగడం, ఆ తరువాత చచ్చిన కండను కోసి తీసేయడం. మాత్రలు, పొడులు, కుట్లు అన్నీ దాని తరువాతి మాట.

ఎందుకో కొంచెం చెప్పుకోవాలి. ఆరోగ్యంగా రక్తం పారే కండలో కొన్ని క్రిములు పడ్డా శరీరం వాటిని తినేస్తుంది. అదే చోట ఒక గుడ్డ పీలిక, ఒక పుల్ల ముక్క, రక్తం అందక చచ్చిన కండ ఉంటే లెక్క తారుమారవుతుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు మనుషుల చర్మం మీదే దీన్ని పరీక్షించి చూశారు. మామూలు చర్మంలో చీము పుట్టించడానికి లక్షల కొద్దీ క్రిములు కావలసి వచ్చాయి. అక్కడ ఒక పట్టు దారం కుట్టు ఉంటే కొన్ని వందలతోనే చీము పట్టింది. శుభ్రమైన దారానికే అంత తేడా ఉంటే, పేడ అంటిన గడ్డిపరకకు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా రక్తంలో పారి రావాలి కదా. రక్తం పోని చచ్చిన కండలోకి మందూ పోదు.

ఇంట్లో మొదటి గంట

రక్తం ధారగా కారుతుంటే ముందు దాన్ని ఆపాలి. ఉతికిన గుడ్డను గాయం మీద పెట్టి, అరచేత్తో పది నిమిషాలు ఎత్తకుండా నొక్కి పట్టుకోవాలి. నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకట్టినది ఊడిపోతుంది. వేలికీ చేతికీ తాడు బిగించి కట్టడం మనవాళ్లలో ఇంకా ఉంది. నొక్కితే ఆగే రక్తానికి అది అనవసరం, గంటల తరబడి ఉంచితే ప్రమాదం కూడా.

రక్తం ఆగాక నీళ్లు. తాగడానికి పనికొచ్చే నీళ్లు ఏవైనా సరే. కుళాయి నీళ్లతో కడిగినా, ఆసుపత్రి సెలైన్‌తో కడిగినా మామూలు గాయాల్లో చీము పట్టడంలో తేడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి. బోరు నీళ్ల మీద అనుమానముంటే కాచి చల్లార్చినవి వాడాలి. చెంబుతో ఒక్కసారి పోసి ఊరుకుంటే చాలదు. ఆసుపత్రుల్లో గాయం పొడవు ఒక సెంటీమీటరుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు అని లెక్క వేస్తారు. అంటే ఐదు సెంటీమీటర్ల గాయానికి అర లీటరు దాకా, మట్టి కనిపిస్తే ఇంకా ఎక్కువ. నీళ్ల బాటిల్ మూతకు సన్నటి రంధ్రం చేసి, బాటిల్‌ను పిండుతూ ఆ ధార గాయంలోకి పట్టించడం ఇంట్లో చేయగల మంచి ఉపాయం. చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో కడగవచ్చు. నొప్పి పుడుతుంది, పిల్లలు ఏడుస్తారు. అయినా మానకూడదు.

తోట పక్కనే కాలువ ఉంది కదా అని అందులో కాలు పెట్టి కడిగేవాళ్లకు ఒక మాట. బెంగళూరు మురుగు కలిసిన పొన్నైయారు నీళ్లు కెలవరపల్లి డ్యాము దగ్గర తెల్లటి నురగ కక్కుతుండటం మనమందరం చూసినదే. ఆ నీళ్లతో గాయం కడగడమంటే ఉన్న మురికికి ఇంకో మురికి కలపడం. గాయం ఆ నీళ్లలోనే తగిలి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. నీళ్లలో ఉండే క్రిములు వేరు, వాటికి వాడే మందులూ వేరు.

ఇక వేయకూడనివి. పసుపు, కాఫీ పొడి, సున్నం, నశ్యం, బూడిద, షెడ్డుల్లో అయితే డీజిల్. వీటిలో ఏదీ లోపలి మట్టిని బయటికి తీయదు. పైగా ఆసుపత్రిలో కడిగేవాళ్లు ముందు వీటిని కడగాలి. పసుపు పేస్టు పట్టిన గాయంలో ఏది బతికిన కండో ఏది చచ్చిన కండో రంగు చూసి చెప్పడం కష్టం. గడ్డి చేమంతి ఆకు సంగతి అడుగుతారు. తమిళంలో దాని పేరే వెట్టుక్కాయ పూండు, అంటే కోసుకున్న గాయాల మొక్క. మన అవ్వలు దాన్ని నలిపి రసం పిండేవాళ్లు. పైపైన గీసుకున్న చోట దాని మేలు ఎంతైనా ఉండనీ, పొలం గట్టు మీద పెరిగిన ఆకును కడగకుండా నలిపి లోతు గాయంలో కూరితే మళ్లీ మట్టినే కూరినట్టు. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుస పొంగుతుంది కాబట్టి పనిచేస్తోందని అనిపిస్తుంది. అది మానే కండను కూడా కాలుస్తుంది.

లోతుగా గుచ్చుకున్న ఇనుప ముక్కనో కర్రనో లాగేయవద్దు. కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి అలాగే తీసుకుపోవాలి. పైకి కనిపించే గడ్డి, కంకర మాత్రం నీటి ధారతో వదిలించవచ్చు.

ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. గ్రీజు గన్ను, హైడ్రాలిక్ పైపు, పెయింటు స్ప్రే ఎక్కువ ప్రెషర్‌తో వేలికి తగిలితే కనిపించేది సూది మొనంత రంధ్రం. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. షిఫ్టు అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. లోపల ఆ గ్రీజు అరచేతి దాకా పాకి ఉంటుంది. ఇది ఆ గంటలోనే చేతి ఆపరేషను తెలిసిన డాక్టరు దగ్గరికి పోవలసిన గాయం.

కుట్లు వేయలేదని కోపం వద్దు

మురికి గాయంతో ఆసుపత్రికి పోతే, కడిగి, కట్టు కట్టి, కుట్లు వేయకుండా పంపేసి, మూడు నాలుగు రోజుల తరువాత రమ్మంటారు. ఇంటికొచ్చి చాలామంది, సర్కారు ఆసుపత్రి కాబట్టి అలక్ష్యం చేశారని అనుకుంటారు. అదే సాయంత్రం ఇంకో చోటికి పోయి, అడిగి మరీ కుట్లు వేయించుకుంటారు. మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే. మురికి పడిన గాయాన్ని, లేదా తగిలి ఆరు గంటలు దాటిన గాయాన్ని వెంటనే మూసేయకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ముఖం లాంటి చోట్ల రక్తం బాగా పారుతుంది కాబట్టి డాక్టరు మినహాయింపు ఇవ్వవచ్చు. కాళ్లు, పాదాలు, కొమ్ము పోట్లు, కుక్క కాట్లు మాత్రం తెరిచి ఉంచడమే మేలు. రెండు నుంచి ఐదు రోజుల మధ్య గాయం శుభ్రంగా, ఎర్రగా కనిపిస్తే అప్పుడు కుట్టేస్తారు. మచ్చ కొంచెం పెద్దదవుతుంది, అంతే.

లోపల మట్టి ఉండగా పైన కుట్టేస్తే చీముకు బయటికి దారి ఉండదు. గాలి ఆడని ఆ చోటే ధనుర్వాతం క్రిమికీ, కండను కుళ్లబెట్టి గాలి బుడగలు పుట్టించే గ్యాస్ గ్యాంగ్రీన్ క్రిమికీ నచ్చిన ఇల్లు. ఎద్దు కొమ్ము గాయం దీనికి మంచి ఉదాహరణ. తొడ మీద రంధ్రం రెండు వేళ్లంత ఉంటుంది. లోపల కొమ్ము తిరిగిన మేర కండ చీలి, పంచె పీలిక లోతున చిక్కుకుని ఉంటుంది. పైన రెండు కుట్లు వేసి పండగకు తిరిగి పోతే నాలుగో రోజు కథ వేరేగా ఉంటుంది.

గాయం కడిగితే కాలు దక్కుతుందన్న సంగతి వైద్యులకూ తేలిగ్గా తెలియలేదు. 1865 ఆగస్టు 12న స్కాట్లాండులోని గ్లాస్గో ఆసుపత్రికి పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌ను తెచ్చారు. బండి చక్రం ఎక్కి కాలి ఎముక విరిగి చర్మం చిట్లింది. ఆ రోజుల్లో అలాంటి గాయానికి చాలాసార్లు కాలు తీసేసేవాళ్లు. జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. ఆరు వారాలకు కాలు చీము పట్టకుండా అతుక్కుంది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో, ఎరువు పోసిన పొలాల మట్టి సైనికుల గాయాల్లో పడినప్పుడు, మందు ఒక్కటే చాలదనీ చచ్చిన కండను కోసి తీసేసి గాయాన్ని తెరిచి ఉంచాలనీ సర్జన్లు నేర్చుకున్నారు. ఎరువు పోసిన పొలం మట్టి అంటే మన తోటల మట్టి లాంటిదే.

ఎంత జోరుగా కడగాలన్న దాని మీద కూడా వాదన నడిచింది. భారతదేశంలోని ఆసుపత్రులు కూడా పాల్గొని, ఎముక బయటపడిన గాయాలున్న 2,400 మందికి పైగా రోగుల మీద చేసిన ఫ్లో అనే పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. జోరు ఎక్కువైనా తక్కువైనా తేడా లేదు. సబ్బు నీళ్ల కంటే ఉత్త సెలైన్‌తో కడిగినవాళ్లకే మళ్లీ ఆపరేషను అవసరం తక్కువ పడింది. మందు కలిపిన నీళ్లు కాకుండా ఉత్త సెలైన్‌తోనే కడిగారని నిరాశపడనక్కర్లేదు.

ఎముక బయటికి వస్తే

విరిగిన ఎముక చర్మం చీల్చుకుని కనిపిస్తే అది వేరే స్థాయి. దాన్ని లోపలికి నెట్టకూడదు. తడి శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండా కట్టి, 108కి ఫోను చేయాలి. ఇక్కడ యాంటీబయాటిక్ ఇంజెక్షనుకు నిజంగా తొందర ఉంది. వీలైతే గంటలోపు, మూడు గంటలు దాటకుండా నరంలోకి పడాలి. పొలం మట్టి, పేడ పడిందని చెబితే దానికి తగ్గ మందు కూడా కలుపుతారు. అందుకే ఎక్కడ పడ్డాడు, ఏం అంటుకుంది అన్నది వెంట వెళ్లినవాళ్లు తప్పక చెప్పాలి.

కాలు దక్కుతుందా తీసేయాలా అని తేల్చడానికి మన తమిళనాడులోనే, కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం ఒక లెక్క తయారుచేసింది. 2006లో అచ్చయిన ఆ లెక్కను ఇతర దేశాల సర్జన్లూ వాడతారు. మోకాలి కింద పెద్ద ఎముక విరిగి బయటపడిన తీవ్రమైన గాయాల కోసం చేసినది. చర్మం, ఎముక, కండరాలు ఎంత చెడ్డాయో చూసి మార్కులు వేస్తారు. 14 లేదా అంతకన్నా తక్కువైతే కాలు నిలబెట్టడానికి ప్రయత్నిస్తారు. 17 లేదా అంతకన్నా ఎక్కువైతే చాలావరకు తీసేయాల్సి వస్తుంది. మధ్యలో ఉన్నది డాక్టరు అనుభవం మీద ఆధారపడి ఉంటుంది.

మన పాఠకులు చూడవలసింది అందులోని చివరి భాగం. గాయంతో సంబంధం లేకుండా ఒక్కో కారణానికి రెండేసి మార్కులు కలుపుతారు. మురుగు లేదా పొలం, పశువుల కొట్టం మురికి పడితే రెండు. దెబ్బ తగిలిన 12 గంటల తరువాత గాయం శుభ్రం చేస్తే రెండు. వయసు 65 దాటితే రెండు. మందులు వాడే షుగరు వ్యాధి ఉంటే రెండు. ఇప్పుడు తళి వైపు ఒక పల్లెలో, షుగరు మాత్రలు వేసుకునే డెబ్బై ఏళ్ల రైతు కొట్టం దగ్గర ట్రాక్టరు కింద పడ్డాడనుకోండి. రాత్రికి పసుపు కట్టి, పొద్దున చూద్దామని ఉంచి, మధ్యాహ్నానికి హోసూరు తెచ్చారనుకోండి. ఎముక ఎంత విరిగిందో చూడకముందే ఆయన లెక్కలో ఎనిమిది పడిపోయాయి. ఆ ఎనిమిదిలో వయసు, షుగరు, పేడ మన చేతిలో లేవు. ఆలస్యం తాలూకు రెండు మాత్రం పూర్తిగా ఇంట్లోవాళ్లవే.

షుగరు ఉన్నవాళ్లకు ట్రాక్టరే అక్కర్లేదు. మామిడి తోటలో ఉత్త కాళ్లతో నడుస్తుంటే తుమ్మ ముల్లు దిగినా తెలియదు. అరికాలు మొద్దుబారి ఉంటుంది కాబట్టి నొప్పి రాదు. వాసన వచ్చాకే చూస్తారు. ఇంట్లో షుగరు పెద్దలుంటే రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూడటం పిల్లల పని చేయండి. ఇంటింటికీ వచ్చి షుగరు, బీపీ చూసే మక్కళై తేడి మరుత్తువం పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఆ పథకం కింద మాత్రలు ఇవ్వడానికి వచ్చినప్పుడు కాలి పుండును కూడా చూపించండి.

టీటీ గురించి రెండు అపోహలు

ధనుర్వాతం క్రిమి విత్తనాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతుకుతాయి. తుప్పు మేకు గుచ్చుకుంటేనే వస్తుందన్నది తప్పు. తుప్పు కాదు, దాని మీది మట్టి కారణం. గాయమైన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు దవడ బిగుసుకోవడంతో మొదలవుతుంది. ఒకసారి వచ్చి బతికినా మళ్లీ రాకుండా రక్షణ రాదు. టీకా ఒక్కటే రక్షణ. ఇప్పుడు టీటీకి బదులు డిఫ్తీరియా టీకా కూడా కలిసిన టీడీ ఇస్తున్నారు.

మొదటి అపోహ, ప్రతి దెబ్బకూ, ఆరు నెలలకోసారి వేయించుకోవాలన్నది. చిన్నప్పటి టీకాలన్నీ పడినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే, మురికి గాయమైతే ఐదేళ్లు దాటితేనే మళ్లీ అవసరం. ఊరికే వేయించుకుంటూ పోతే చెయ్యి వాచి బాధపడటం తప్ప లాభం లేదు.

రెండోది ఇంకా ప్రమాదం. దెబ్బ తగిలినప్పుడు ఒక్క టీటీ వేయించుకుంటే చాలన్న నమ్మకం. దేశంలో పిల్లలందరికీ టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985 నుంచి విస్తరించింది. అంతకుముందు పుట్టిన మన తాతలు, నాయనలు చాలామందికి మొదటి మూడు డోసులు వరుసగా పడే ఉండవు. ఆడవాళ్లకు కానుపుల సమయంలో పడ్డాయి. మగవాళ్లకు అదీ లేదు. వాళ్లకు ఒక్క డోసు పడ్డ రోజే రక్షణ పుట్టదు. వారాలు పడుతుంది. మురికి గాయమైతే టీకాతో పాటు టెటనస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షను కూడా ఇంకో చోట వేయాలి. మామూలుగా 250 యూనిట్లు, మురికి మరీ ఎక్కువైనా రోజు దాటి వచ్చినా 500. ఆ తరువాత నెలకు రెండో డోసు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడోది. ఈ రెండో, మూడో డోసులకు తిరిగి పోయేవాళ్లు తక్కువ. గాయం మానింది కదా అంటారు.

కుక్క కరిచిన గాయం కూడా మురికి గాయమే, దానికి రేబిస్ భయం అదనం. సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కుట్లు వీలైనంత వరకు వద్దు. రక్తం వచ్చిన కాటైతే గాయంలోకే ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్, చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా. ఒక్క తేదీ కూడా తప్పకూడదు.

మాత్రలు, ఆపై జాగ్రత్త

కడిగిన చిన్న గాయానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. కాట్లు, లోతు పోట్లు, ఎముక గాయాలు, షుగరు రోగుల పాదాలకు డాక్టరు ఇస్తారు. మందుల షాపులో అడిగి రెండు రోజులకు నాలుగు మాత్రలు కొనుక్కోవడం, నొప్పి తగ్గగానే ఆపేయడం మంచి అలవాటు కాదు. గాయం మీద యాంటీబయాటిక్ పొడి చల్లడం వల్ల కూడా ఒరిగేది లేదు.

కట్టు కట్టి పంపాక ఇంట్లో చూడవలసినవి ఇవి. రెండో రోజు నుంచి నొప్పి తగ్గాలి. పెరుగుతుంటే అనుమానించాలి. ఎర్రదనం చుట్టూ పెన్నుతో గీత గీయండి. సాయంత్రానికి ఎరుపు గీత దాటితే మరుసటి రోజు దాకా ఆగవద్దు. జ్వరం, చెడు వాసన, చీము, గజ్జల్లో బిళ్లలు కట్టడం, నొక్కితే చర్మం కింద చిటపటమనడం, కనిపించే గాయానికి మించిన భరించలేని నొప్పి, వీటిలో ఏది వచ్చినా రాత్రి అయినా సరే పోవాలి. చివరి రెండూ గంటల్లో ప్రాణం తీసేవి.

పెద్ద గాయాలకు హోసూరు ప్రభుత్వ ఆసుపత్రి, 2022 జనవరి 12న ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. రోడ్డు ప్రమాదమైతే 2021 డిసెంబరులో వచ్చిన ఇన్నుయిర్ కాప్పోం పథకం కింద మొదటి 48 గంటల చికిత్స ఉచితం. పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా ఇది చెల్లుతుంది. దెబ్బ తిన్నవాళ్లది ఏ రాష్ట్రమైనా సరే. కుప్పం నుంచి చూడటానికి వచ్చిన బంధువులకు కూడా వర్తిస్తుందన్నమాట. దెబ్బ తిన్నవాళ్లను చేర్చిన దారిన పోయేవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేర్చారు.

ఇక మాట సంగతి. తరాలుగా ఇక్కడున్న మనకు తమిళం అడ్డు కాదు. కానీ పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చిన కొత్త కోడళ్లు, ఊరు దాటని అవ్వలు ఆసుపత్రిలో తడబడతారు. గాయాన్ని అక్కడ కాయం అంటారు, పుండును పుణ్ అంటారు. చీము అంటే చీళ్, కుట్లు అంటే తైయల్, సూది మందు ఊసి, ధనుర్వాతం రణజన్ని, షుగరు శర్కరై వ్యాధి. చీటీ మీద తెలుగులోనైనా సరే నాలుగు సంగతులు రాసి వాళ్ల చేతికివ్వండి: దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, ఏ మట్టి పడింది, ఆఖరి టీటీ ఏ ఏడాది, ఏ మందు పడదు. చదివి చెప్పేవాళ్లు హోసూరు ఆసుపత్రి వరుసలో ఒకరైనా దొరుకుతారు.